స్థానం తెలిసిన బోటు: 2011 మార్చి 27, ట్రిపోలీ–లాంపెడూసా కేస్ స్టడీ

సముద్రంలో తప్పిపోయినవాళ్ళను వెతికే పనిలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న "ఎక్కడున్నారు?" అన్నది. ఈ కేసులో ఆ ప్రశ్నకు జవాబు మొదటి రోజు సాయంత్రమే దొరికింది. డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో పదో వంతు దాకా దొరికింది. అయినా లిబియా నుంచి ఇటలీ ద్వీపం లాంపెడూసాకు బయల్దేరిన ఆ శరణార్థుల బోటులోని 72 మందిలో 63 మంది చనిపోయారు. మధ్యధరా సముద్రంలో అంతకన్నా ఎక్కువమందిని మింగిన ప్రమాదాలు చాలానే ఉన్నాయి. గాలింపు, రక్షణ పని నేర్చుకునేవాళ్ళకు మాత్రం ముందుగా చదివించాల్సింది ఈ కేసే. ఇక్కడ తుపాను ఒక్కసారిగా ముంచెయ్యలేదు, బోటు పగల్లేదు. సమాచారం చేతులు మారింది గానీ బాధ్యత ఎవరి చేతికీ అందలేదు. ఆ తేడా ఎక్కడెక్కడ జరిగిందో గంటల లెక్కన చూద్దాం. సమయాలన్నీ జీఎంటీలో ఉన్నాయి.

ఎక్కినవాళ్ళు

2011 ఫిబ్రవరిలో లిబియాలో అంతర్యుద్ధం మొదలైంది. పని కోసం, ఆశ్రయం కోసం అప్పటికే అక్కడ చేరిన ఆఫ్రికా దేశాలవాళ్ళను లిబియా అధినేత గద్దాఫీ కిరాయి సైనికులన్న అనుమానంతో కొట్టారు, పట్టుకెళ్ళారు, కొన్నిచోట్ల చంపారు. ఈ బోటులో 47 మంది ఇథియోపియా, ఏడుగురు నైజీరియా, ఏడుగురు ఎరిత్రియా, ఆరుగురు ఘనా, అయిదుగురు సూడాన్ వాళ్ళు. మగవాళ్ళు 50 మంది, ఆడవాళ్ళు 20 మంది, పసిపిల్లలు ఇద్దరు.

అదే వారాల్లో లిబియా నుంచి మనవాళ్ళు కూడా బయటపడ్డారు. భారత ప్రభుత్వం 15 వేల మందికి పైగా వెనక్కి తెచ్చింది, అందులో తెలుగు జిల్లాల కూలీలూ ఉన్నారు. బెంఘాజీ నుంచి అలెగ్జాండ్రియాకు స్కోషియా ప్రిన్స్ అనే ఫెర్రీని అద్దెకు తీసుకుని నడిపింది. వెనక ఒక దేశం నిలబడితే సముద్రం మీద దారి అలా దొరుకుతుంది. ఎన్నేళ్ళకు ముగుస్తుందో తెలియని నిర్బంధ సైనిక సేవ నుంచి పారిపోయి వచ్చిన ఎరిత్రియా కుర్రాడికి ఆ దేశం ఓడ పంపదు. పంపినా అతను ఎక్కడు. అతనికి మిగిలింది దళారి చూపించిన రబ్బరు బోటు.

బయల్దేరకముందే తేలిపోయిన లెక్క

లిబియా రాజధాని ట్రిపోలీ నుంచి లాంపెడూసా ద్వీపానికి దాదాపు 160 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 295 కిలోమీటర్లు. ఇకపై మైళ్ళన్నీ నాటికల్ మైళ్ళే. ఈ బోటు సగటు వేగం 4 నాట్లకు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) కాస్త పైన. ఇది ఊహించిన అంకె కాదు. అర్ధరాత్రి దాటాక 2 గంటల లోపు బయల్దేరిన బోటు ఆ సాయంత్రం 16:52కి సుమారు 65 మైళ్ళు పోయిందని స్థానమే చెబుతోంది. ఆ లెక్కన మొత్తం ప్రయాణానికి 38 నుంచి 40 గంటలు పడుతుంది.

ఇలాంటి బోట్లకు మామూలుగా బిగించే 40 హార్స్‌పవర్ పెట్రోలు మోటారు పూర్తి వేగంలో గంటకు 15 లీటర్ల దాకా తాగుతుంది. నెమ్మదిగా నడిపి గంటకు 10 లీటర్లతో సరిపెట్టినా 40 గంటలకు 400 లీటర్లు కావాలి. అంటే 20 లీటర్ల క్యాన్లు ఇరవై. 72 మంది ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్న బోటులో ఇరవై క్యాన్లు ఎక్కడ పెడతారు? పెట్టలేరు. దళారులకు ఇది తెలుసు. తెలిసే మరికొంతమందిని ఎక్కించడానికి తిండి, నీళ్ళు చాలావరకు దింపేశారు. చేతికిచ్చినవి ఒక దిక్సూచి, ఒక జీపీఎస్, ఒక తురాయా శాటిలైట్ ఫోన్.

నీళ్ళ లెక్క ఇంకా దారుణం. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఓడ లైఫ్‌బోటులో మనిషికి 3 లీటర్ల మంచినీళ్ళు, గాలి నింపే లైఫ్‌రాఫ్టులో 1.5 లీటర్లు ఉండాలి. ఆ తక్కువ లెక్కే తీసుకున్నా 72 మందికి 108 లీటర్లు. మొదటి 24 గంటలు ఏమీ తాగకుండా, ఆపైన రోజుకు అర లీటరు చొప్పున ఇవ్వమని ప్రాణరక్షణ పాఠాల్లో చెబుతారు. అలా 14 రోజులు గడపాలంటే దాదాపు 470 లీటర్లు కావాలి.

రబ్బరు బోటు నిర్మాణం గురించి కూడా కొంత చెప్పుకోవాలి. చుట్టూ గాలి గొట్టాలు, అడుగున ప్లైవుడ్ పలకలు, వెనక మోటారు బిగించే చెక్క. రాత్రి చల్లబడగానే గొట్టాల్లో గాలి కుంచించుకుని బోటు మెత్తబడుతుంది, అల ఎక్కి దిగినప్పుడల్లా నడుము దగ్గర మడత పడుతుంది. అడుగు పలకలు విరిగితే వాటి అంచులు, మేకులు కాళ్ళను చీలుస్తాయి. సాధారణంగా ఆడవాళ్ళను, పిల్లలను క్షేమమనుకుని మధ్యలో, నేల మీద కూర్చోబెడతారు. క్యాన్ల నుంచి ఒలికిన పెట్రోలు ఉప్పునీళ్ళతో కలిసి చేరేది సరిగ్గా అక్కడే. గంటల తరబడి ఆ నీళ్ళలో కూర్చుంటే తొడల మీద, నడుము కింద చర్మం కాలి ఊడివస్తుంది. కాపాడిన బోట్లలో ఆడవాళ్ళకే ఈ కాలిన గాయాలు ఎక్కువ ఉండటానికి కారణం ఇదే. క్షేమమనుకున్న చోటే అందరికన్నా ప్రమాదం.

మార్చి 27

మధ్యాహ్నం 14:55కి ఒక ఫ్రెంచి విమానం ఈ బోటును చూసి ఫొటో తీసింది. సంగతి రోమ్‌లోని సముద్ర రక్షణ సమన్వయ కేంద్రానికి చేరింది. అప్పటికి బోటు కదులుతోంది, మోటారు నడుస్తోంది.

సాయంత్రం బోటులోవాళ్ళు శాటిలైట్ ఫోన్ నుంచి రోమ్‌లో ఉండే ఎరిత్రియా క్యాథలిక్ ఫాదర్ ముస్సీ జెరాయికి ఫోన్ చేశారు. శరణార్థుల మధ్య ఆయన నంబరు అప్పటికే చేతులు మారుతూ ఉంది. నీళ్ళు లేవు, పెట్రోలు అయిపోవస్తోంది, బోటులోకి నీరు వస్తోంది అన్నారు. ఆయన వెంటనే సమన్వయ కేంద్రానికి చెప్పారు. కేంద్రం తురాయా కంపెనీని అడిగి ఫోన్ ఉన్న చోటు తెప్పించుకుంది. 16:52కి ఉత్తర అక్షాంశం 33 డిగ్రీల 58.2 నిమిషాలు, తూర్పు రేఖాంశం 12 డిగ్రీల 55.8 నిమిషాలు.

ఇంతవరకు అందరూ చెయ్యాల్సిందే చేశారు, వేగంగానే చేశారు. విచారణ నివేదికలు చదివేటప్పుడు ఈ భాగాన్ని చాలామంది దాటేస్తారు గానీ దీన్ని గుర్తించకపోతే తర్వాతి తప్పు ఎక్కడ మొదలైందో అర్థం కాదు.

18:54కి సిసిలీ జలసంధి ప్రాంతంలోని ఓడలన్నిటికీ ఉపగ్రహం ద్వారా సందేశం వెళ్ళింది. సారాంశం ఇది: ఫలానా స్థానంలో దాదాపు 68 మందితో ఒక బోటు బహుశా ఇబ్బందుల్లో ఉంది, అటుగా వెళ్ళే ఓడలు జాగ్రత్తగా గమనించి, కనిపిస్తే తెలియజేయండి. మాల్టా కేంద్రానికీ, నేటో నౌకాదళ కమాండుకూ కూడా సమాచారం ఇచ్చారు. ఆయుధాల నిషేధం అమలు కోసం ఆ రోజుల్లో లిబియా ముందున్న సముద్రమంతా యుద్ధనౌకలు, విమానాలు తిరుగుతున్నాయి. ప్రపంచంలో అంత నిఘా ఉన్న నీళ్ళు ఆ వారం ఇంకెక్కడా లేవంటే అతిశయోక్తి కాదు.

రాత్రి 19:08కి ఫోన్ నుంచి చివరి సంకేతం 34 డిగ్రీల 7.1 నిమిషాల అక్షాంశం దగ్గర వచ్చింది. 16:52 నుంచి అప్పటికి బోటు 9 మైళ్ళు పోయింది, అంటే 4 నాట్ల వేగం చెక్కుచెదరలేదు.

ఈలోగా ఒక సైనిక హెలికాప్టర్ బోటు పైకి వచ్చింది. నీళ్ళ సీసాలు, బిస్కెట్ పొట్లాలు దించి, మళ్ళీ వస్తామన్నట్టు సైగ చేసి వెళ్ళిపోయింది. రక్షణ వచ్చేస్తోందని నమ్మిన బోటు నడిపేవాడు దిక్సూచిని, శాటిలైట్ ఫోన్‌ను సముద్రంలోకి విసిరేశాడు. అవి దొరికితే దళారి అనుకుని జైల్లో వేస్తారని అతని భయం. ఆ భయం ఉత్తిది కాదు. యూరప్ తీరాల్లో చుక్కాని పట్టినవాడి మీదే కేసు పెడతారు, టికెట్టుకు డబ్బు లేక నడపడానికి ఒప్పుకున్నవాడైనా సరే.

సందేశంలో లేనిది

18:54 సందేశాన్ని ఓడ బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో నిలబడి చదవాలి. రాత్రి కాపలాలో ఉన్న ఆఫీసరు చేతికి టెలెక్స్ కాగితం వస్తుంది. అతను స్థానం చూస్తాడు, చార్టు మీద తన దారికి ఎంత దూరమో కొలుస్తాడు. దగ్గర కాకపోతే సంతకం పెట్టి ఫైల్లో పెడతాడు. దగ్గరైతే మళ్ళీ చదువుతాడు. "బహుశా ఇబ్బందుల్లో" ఉందట. "గమనించండి" అంటున్నారు. దారి మార్చి వెళ్ళమని ఎవరూ అనలేదు. కెప్టెన్‌ను నిద్ర లేపాలా? లేపకపోయినా తప్పు పట్టేవాళ్ళు లేరు, సందేశంలోని మాటలే అతనికి ఆ వెసులుబాటు ఇచ్చాయి.

గాలింపు పనిలో ప్రతి కేసుకూ మూడు దశలుంటాయి: అనిశ్చితి, హెచ్చరిక, ఆపద. లైఫ్‌జాకెట్లు చాలని, నీళ్ళు లేని, మోతాదుకు మించి జనం ఎక్కిన రబ్బరు బోటు నడిసముద్రంలో ఉందంటే, మోటారు నడుస్తున్నా సరే, అది మొదటి నిమిషం నుంచే మూడో దశ. మునిగే దాకా ఆగి ఆపద అనడం ఇల్లు కాలాక నీళ్ళు పట్టుకెళ్ళడమే. ఆపద దశ అని ఒప్పుకుంటే సమన్వయ కేంద్రం చెయ్యాల్సిన పని వేరుగా ఉంటుంది. అందరికీ కలిపి ఒక సందేశం పంపి ఊరుకోకూడదు. దగ్గర్లోని ఒక ఓడను పేరు పెట్టి పిలిచి "మీరు వెళ్ళండి, ఎన్ని గంటలకు చేరతారో చెప్పండి" అనాలి. పదిమందిని ఉద్దేశించి అడిగితే ప్రతివాడూ పక్కవాడు వెళ్తాడనుకుంటాడు.

ఆ స్థానం ఇటలీ గాలింపు ప్రాంతంలో లేదు, మాల్టా ప్రాంతంలోనూ లేదు. లిబియా వైపు ఉంది. బాంబులు పడుతున్న లిబియాలో ఫోన్ ఎత్తే కేంద్రం లేదు. ఇలాంటి ఖాళీ కోసమే అంతర్జాతీయ నియమం ఒకటుంది: ఆపద కబురు ముందుగా ఎవరికి అందితే, ఇంకో కేంద్రం "మేం తీసుకున్నాం" అని ఒప్పుకునే దాకా ఆ కేసు వాళ్ళదే. "తెలియజేశాం" అన్నంత మాత్రాన బాధ్యత తీరదు. ఐరోపా మండలి పార్లమెంటరీ సభ తరఫున టినేకే స్ట్రిక్ 2012 మార్చిలో ఇచ్చిన విచారణ నివేదిక తేల్చిన ముఖ్యమైన మాట ఇదే. ఆ నివేదిక నేటోనూ, దాని కింద ఉన్న ఓడల దేశాలనూ కూడా తప్పుపట్టింది.

ఏ సమన్వయ కేంద్రంలోనైనా లాగ్ పుస్తకం తెరిస్తే ఒక వరసలో నాలుగు గడులు కనబడాలి: ఎన్ని గంటలకు, ఎవరికి, ఏం అడిగాం, "తీసుకున్నాం" అని ఏ ఆఫీసరు చెప్పారు. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ కేసు ఇంకా ఆ బల్ల మీదే ఉన్నట్టు. షిఫ్టు మారేటప్పుడు తర్వాతి ఆఫీసరుకు ముందు చూపించాల్సింది ఆ ఖాళీ గడినే.

కొట్టుకుపోవడం

మార్చి 28 ఉదయం 7 గంటల ప్రాంతంలో పెట్రోలు అయిపోయింది. అప్పటికి బోటు సుమారు 34 డిగ్రీల 25 నిమిషాల అక్షాంశం దగ్గరుంది. చివరి సంకేతం నుంచి 12 గంటల్లో 4 నాట్లకు 48 మైళ్ళు పోవాల్సింది, పోయింది 18. హెలికాప్టర్ మళ్ళీ వస్తుందని ఎదురుచూడటం, దిక్సూచి లేకపోవడం ఈ తేడాకు కారణాలనిపిస్తుంది. అంటే రక్షిస్తామన్న సైగ వాళ్ళ సమయాన్నీ, పెట్రోలునూ, మాట్లాడే దారినీ తీసుకుంది. ఆగకుండా పోయి ఉంటే లాంపెడూసాకు ఇంకా దగ్గరగా, ఓడల రద్దీ ఎక్కువున్న నీళ్ళలోకి చేరేవాళ్ళు.

ఇప్పుడు గాలించేవాళ్ళ వైపు నుంచి చూద్దాం. 28న తెల్లవారుజామున 5 గంటలకు ఒక విమానం బయల్దేరిందనుకుందాం. చివరి సంకేతం వచ్చి దాదాపు 10 గంటలైంది, కాబట్టి బోటు గరిష్ఠంగా 40 మైళ్ళు పోయి ఉంటుంది. వెళ్తున్న దిక్కు ఉత్తరం, వెనక్కి తిరిగే అవకాశం తక్కువ. కాబట్టి గాలించాల్సింది 40 మైళ్ళ వ్యాసార్ధమున్న అర్ధవృత్తం, దాదాపు 2,500 చదరపు నాటికల్ మైళ్ళు. 180 నాట్ల వేగంతో, చాలుకూ చాలుకూ మధ్య 4 మైళ్ళ ఎడంతో దున్నుకుంటూ పోతే గంటకు 720 చదరపు మైళ్ళు అయిపోతాయి. మూడున్నర గంటల పని. ఒక విమానం, ఒక ఉదయం చాలు.

మోటారు ఆగాక బోటు రెండు శక్తుల చేతిలోకి వెళ్తుంది: నీటి ప్రవాహం, గాలివాటు. గాలివాటు లెక్కకు గాలి వేగంలో రెండు నుంచి నాలుగు శాతం తీసుకుంటారు. 20 నాట్ల గాలికి 3 శాతమంటే 0.6 నాట్. బోటు నీళ్ళలోకి ఎంత దిగి ఉంటే గాలి పట్టు అంత తగ్గుతుంది, ఎంత తేలిపోతే అంత పెరుగుతుంది. మనిషికి 60 కిలోల లెక్కన 72 మందికి నాలుగు టన్నులకు పైన. చివరికి మిగిలిన 11 మంది బరువు 700 కిలోలు కూడా కాదు. చనిపోయినవాళ్ళను సముద్రంలోకి వదిలే కొద్దీ బోటు తేలికైంది, గాలి దాన్ని ఇంకా వేగంగా తోసింది. కొట్టుకుపోయే దారిని లెక్కగట్టేటప్పుడు బరువు తగ్గడం అనే గడిలో వేసుకోవాల్సిన అంకె ఆ చావులే.

బోటు ఏప్రిల్ 10న ట్రిపోలీకి తూర్పున జ్లిటెన్ దగ్గర మళ్ళీ లిబియా ఒడ్డుకే చేరింది. పెట్రోలు అయిపోయిన చోటు నుంచి నేరుగా కొలిస్తే సుమారు 145 మైళ్ళు, 13 రోజులు. సగటున అర నాట్ కూడా లేదు. మనిషి నడకలో దాదాపు ఆరో వంతు వేగమే అది. లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ కాలేజీ పరిశోధకులు చార్ల్స్ హెల్లర్, లొరెంజో పెజ్జానీ గాలి, ప్రవాహాల సమాచారంతో ఆ 14 రోజుల దారిని గీసి 2012లో బయటపెట్టారు. మొత్తం దారి నేటో నిఘా ప్రాంతంలోనే ఉంది.

ఈ రకం లెక్క మనకు దూరమేమీ కాదు. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) 2016లో "సరత్" అనే సాధనాన్ని తెచ్చింది. చివరగా కనిపించిన చోటు, సమయం, తప్పిపోయింది ఏ రకం వస్తువో చెబితే ఎక్కడ దొరికే అవకాశం ఎక్కువో మ్యాపు మీద రంగుల్లో చూపిస్తుంది. మనిషి, తెప్ప, మోటారు పడవ ఇలా దాదాపు 60 రకాల వస్తువులకు గాలివాటు లెక్కలు అందులో ఉన్నాయి. మన తీరంలో చేపలవేటకు వెళ్ళి మోటారు చెడి కొట్టుకుపోయిన పడవకైనా, ట్రిపోలీ బోటుకైనా సూత్రం ఒకటే. కాకపోతే ఆ మూడు గడులూ నింపి మీట నొక్కడానికి ఒక మనిషి కూర్చోవాలి.

18:54 సందేశాన్ని 10 రోజుల పాటు నాలుగు గంటలకోసారి తిరిగి పంపారు. దాదాపు 60 సార్లు. బోటు రోజుకు సగటున 11 మైళ్ళు జరిగిపోతుంటే సందేశం మార్చి 27 నాటి చోటునే చెబుతూ వచ్చింది. 10 రోజుల తర్వాత అది కూడా ఆగిపోయింది. ఆగిన రోజుకు బోటులో మనుషులు ఇంకా బతికే ఉన్నారు.

నీళ్ళు

హెలికాప్టర్ దించిన నీళ్ళలో చివరి సీసాను ఇద్దరు పసిపిల్లల కోసం దాచామని బతికి బయటపడ్డవాళ్ళు తర్వాత చెప్పారు. పెద్దవాళ్ళు మూత్రం తాగారు, టూత్‌పేస్టు తిన్నారు, కొందరు సముద్రపు నీళ్ళు తాగారు. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఆ ఉప్పును కడిగి బయటకు పంపడానికి మూత్రపిండాలకు ఒకటిన్నర లీటర్లకు పైగా నీళ్ళు కావాలి. లీటరు తాగి ఒకటిన్నర పోగొట్టుకోవడం అన్నమాట. ముందు నోరెండుతుంది, ఆపైన మతి చలిస్తుంది. లేనివి కనబడి కొందరు బోటు దిగి నడవబోతారు. మార్చి చివర ఆ నీళ్ళు 15, 16 డిగ్రీల చల్లదనంలో ఉంటాయి. తడిబట్టలతో రాత్రంతా గాలికి వణికేవాళ్ళకు దాహం, చలి రెండూ కలిసి ప్రాణం తీస్తాయి.

ఎదురైన ఓడలు

దారిలో చేపల బోట్లు కనిపించాయి, ఆగలేదు. వాళ్ళను తిట్టేముందు 2007 ఆగస్టు గుర్తుచేసుకోవాలి. సముద్రంలో 44 మందిని కాపాడి లాంపెడూసాకు చేర్చిన ట్యునీషియా జాలర్లను అక్కడే అరెస్టు చేశారు. మనుషుల్ని అక్రమంగా దాటించారన్న కేసు నడిచి, వాళ్ళు అప్పీలులో పూర్తిగా బయటపడటానికి 2011 సెప్టెంబరు దాకా పట్టింది. సరుకు ఓడలకు ఇంకో భయం. 2009 ఏప్రిల్‌లో టర్కీ ఓడ పినార్ దాదాపు 140 మందిని ఎక్కించుకుంటే, వాళ్ళను ఎక్కడ దించాలో తేల్చుకోలేక ఇటలీ, మాల్టా రోజుల తరబడి ఓడను నీళ్ళ మీదే నిలబెట్టాయి. ఒక రోజు ఆలస్యమైతే ఓడకు ఎంత నష్టమో ప్రతి కెప్టెన్‌కూ తెలుసు. కాపాడినవాడికి శిక్ష పడుతుందని పది తీరాల్లో కబురు పాకాక చట్టం పుస్తకంలో ఏం రాసి ఉన్నా సముద్రం మీద కళ్ళు పక్కకు తిరుగుతాయి.

యుద్ధనౌక సంగతి వేరు. దాదాపు పదో రోజున, ఏప్రిల్ మొదటి వారంలో, ఒక పెద్ద సైనిక నౌక బోటుకు బాగా దగ్గరగా వచ్చి చుట్టూ తిరిగింది. బోటులోవాళ్ళు చనిపోయిన పసిపిల్లల శవాలను, ఖాళీ పెట్రోలు క్యాన్లను పైకెత్తి చూపించారు. నౌక మీదివాళ్ళు బైనాక్యులర్లతో చూశారు, ఫొటోలు తీశారు. నౌక వెళ్ళిపోయింది. అది ఏ దేశానిదో విచారణలో తేలలేదు.

ఒడ్డుకు చేరేసరికి 11 మంది ప్రాణాలతో ఉన్నారు. ఒకరు ఒడ్డునే, ఇంకొకరు తర్వాత నిర్బంధంలో చనిపోయారు. మిగిలినవాళ్ళనూ పట్టుకుని జైల్లో పెట్టారు.

ఫోన్ ఎత్తినవాళ్ళు, బోటు దగ్గరికి వెళ్ళేవాళ్ళు చెయ్యాల్సింది

శాటిలైట్ ఫోన్ నుంచి పిలుపు వస్తే ముందు స్థానం తీసుకోవాలి, కథ తర్వాత. ఫోన్ మెనూలోని జీపీఎస్ తెర తెరిపించి అంకెలను ఒక్కొక్కటిగా చదివించాలి, తిరిగి చదివి వినిపించాలి. చుక్క ఎక్కడుందో తప్పకుండా అడగాలి. 33 డిగ్రీల 58.2 నిమిషాలను ఎవరైనా 33.582 డిగ్రీలుగా రాసుకుంటే గాలింపు 23 మైళ్ళు దక్షిణాన జరుగుతుంది. అలాంటి పొరపాటు ఒక్కటి చాలు, విమానం ఖాళీ నీళ్ళ మీద తిరిగొస్తుంది. తర్వాత ఎంతమంది, పిల్లలెందరు, గర్భిణులున్నారా, బోటు రబ్బరుదా చెక్కదా, ఏ రంగు, మోటారు నడుస్తోందా, ఎన్ని క్యాన్లు మిగిలాయి, లోపలికి నీళ్ళు వస్తున్నాయా, ఫోన్ చార్జి ఎంత. ఫోన్‌లో బ్యాలెన్సు అయిపోతే ఒడ్డు నుంచే వేయించవచ్చు. ఆపైన మళ్ళీ ఎప్పుడు మాట్లాడుకోవాలో గడియారం చూసి చెప్పి, అప్పటిదాకా ఫోన్ ఆపి బట్టల్లో పొడిగా ఉంచమనాలి. ఈ కేసు నేర్పిన ఇంకో మాటను కూడా స్పష్టంగా చెప్పాలి: ఓడ మీద కాలు పెట్టేదాకా ఫోన్ పారేయొద్దు, హెలికాప్టర్ కనబడ్డా పారేయొద్దు.

పైనుంచి చూసిన హెలికాప్టర్‌కూ పని ఉంది. నీళ్ళు దించడం మంచిదే. ఒక వీహెచ్‌ఎఫ్ చేతి రేడియో, లైఫ్‌జాకెట్ల మూట, ఉన్న చోటును సంకేతాలతో తెలిపే ఒక బీకన్ కూడా దించాలి. ఓడ వచ్చేదాకా ఎవరో ఒకరు పైన కాపలా ఉండాలి. ఇంధనం చాలక వెళ్ళాల్సివస్తే ఇంకో విమానానికి చోటు అప్పగించాకే కదలాలి.

ఓడ విషయంలో ఎక్కువ ప్రమాదం ఆఖరి వంద మీటర్లలో ఉంటుంది. ఓడ కనబడగానే బోటులో అందరూ లేచి నిలబడతారు, ఒకే పక్కకు ఒరుగుతారు, బోటు తిరగబడుతుంది. రోజుల తరబడి తట్టుకున్న బోటు రక్షణ చేతికందే దూరంలో మునిగిన సందర్భాలు చాలా ఉన్నాయి. అందుకే ఓడ నేరుగా పక్కకు రాకూడదు. గాలి వచ్చే వైపున దూరంగా అడ్డం నిలబడి బోటుకు గాలి, అల తగలకుండా చాటు ఇవ్వాలి. గాలికి ఓడ కూడా జరుగుతూ బోటు మీదికి వస్తుందని గుర్తుంచుకోవాలి. ముందు చిన్న రక్షణ పడవ వెళ్ళాలి, అందులో వాళ్ళ భాష కొద్దిగానైనా తెలిసినవాళ్ళుంటే సగం పని అయినట్టే. "కూర్చోండి, అందరినీ తీసుకెళ్తాం, మోటారు ఆపండి" అన్న మూడు ముక్కలు అరవకుండా పదే పదే చెప్పాలి. పక్క నుంచి కాక ముందు నుంచో వెనక నుంచో సమీపించాలి. ఎవర్నీ ఎక్కించుకోకముందే లైఫ్‌జాకెట్లు అందరికీ అందాలి, రెండు వైపుల నుంచీ సమానంగా. ఒక పక్క నుంచే పంచితే జనం అటే వస్తారు.

ఓడ మీదికి చేరాక దాహంతో ఉన్నవాళ్ళకు సీసా చేతికివ్వకూడదు, ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా పట్టించాలి. పెట్రోలు తడిసిన బట్టలు విప్పించి మంచినీళ్ళతో ఒళ్ళంతా కడగాలి, ఆ తర్వాతే దుప్పటి. తడిబట్టల మీద దుప్పటి కప్పితే పెట్రోలు చర్మంలోకి ఇంకా లోతుగా కాలుస్తుంది. లెక్క రెండుసార్లు పెట్టాలి, ఎవరి మనుషులు ఎవరో అడిగి రాసుకోవాలి.

ఈ కేసు తర్వాత రెండున్నరేళ్ళకు, 2013 అక్టోబరు 11న, 400 మందికి పైగా సిరియన్లున్న బోటు లాంపెడూసాకు దక్షిణాన మునుగుతూ రోమ్‌కు ఫోన్ చేసింది. మాల్టాకు ఫోన్ చెయ్యమన్నారు. మాల్టాకు చేస్తే లాంపెడూసాయే దగ్గరన్నారు. గంటల తరబడి ఇలా తిప్పుతుండగా సాయంత్రం బోటు తిరగబడింది. 60 మంది పిల్లలతో కలిపి 200 మందికి పైగా పోయారు. సాయం చెయ్యగల ఇటలీ నౌక ఒకటి దగ్గర్లోనే ఉంది. 2021 జనవరిలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ ఇటలీది తప్పని తేల్చింది. 2014 అక్టోబరులో సముద్రంలోని శరణార్థుల కోసం అలారమ్ ఫోన్ అనే స్వచ్ఛంద నంబరు పగలూ రాత్రీ పనిచేయడం మొదలుపెట్టింది. వాళ్ళ దగ్గర ఓడలు లేవు. పిలుపు అందుకుని, స్థానం రాసుకుని, ఫోన్‌లో బ్యాలెన్సు వేయించి, "ఎవరు వెళ్తున్నారు? ఎన్ని గంటలకు చేరతారు?" అని సమన్వయ కేంద్రాలను జవాబు వచ్చేదాకా అడుగుతూ ఉంటారు.

మనుషులందరినీ ఎక్కించుకున్నాక ఇంకో పని మిగులుతుంది. ఖాళీ బోటు గొట్టాలను కోసి, వీలైతే మోటారు తీసేసి, కాపాడిన తేదీని పెయింటుతో పెద్దగా రాసి వదలాలి, ఆ స్థానాన్ని కేంద్రానికి చెప్పాలి. అలా గుర్తు పెట్టకపోతే మర్నాడు పైనుంచి చూసిన విమానం దాన్ని కొత్త కేసనుకుంటుంది. ఆ వెతుకులాటలో ఉండగా నిజంగా మనుషులున్న ఇంకో బోటు కొట్టుకుపోతుంది.